ఆ 2.303 ఎక్కడిది మేడమ్?

లెక్కలు తప్పించుకోవడానికే నేను కెమిస్ట్రీ తీసుకున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి పిల్లలకి తెలియకుండా జాగ్రత్తపడ్డాను. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెప్పేస్తున్నాను.

మాది రేపల్లె. లూథరన్ చర్చి వెనక వీధిలో ఉండేవాళ్ళం. నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆయన ఎక్కాలు చెబుతుంటే పాట విన్నట్టుండేది. నాకు మాత్రం పదమూడో ఎక్కం దగ్గర నాలుక మడతపడిపోయేది. పదో తరగతిలో లెక్కల పరీక్ష ఎలాగో గట్టెక్కాక, ఇక జన్మలో వాటి మొహం చూడకూడదని నిర్ణయించుకున్నాను. ఇంటర్లో బైపీసీ, డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఎమ్మెస్సీలో ఆర్గానిక్. ఎక్కడ లెక్కలు తక్కువో వెతుక్కుంటూ అంత దూరం వెళ్ళాను.

ఎనభైల మొదట్లో తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరాను. మొదటి రోజే మా డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు టైమ్‌టేబుల్ చేతిలో పెట్టి, "ఫిజికల్ కెమిస్ట్రీ మీరు చెప్పండమ్మా" అన్నారు. పాతవాళ్ళు తమకి నచ్చినవి తీసుకోగా మిగిలింది అదొక్కటే. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, ఫిజికల్ కెమిస్ట్రీలో మూడొంతులు లెక్కలే. ఆ రోజు నాకు టిఫిన్ సయించలేదు.

కొత్తగా కెమిస్ట్రీ చెప్పబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ఇంక్రిమెంట్లు, ఆర్డర్లు, సన్మానాల గొడవ ఇందులో ఉండదు. మూడు ఊళ్ళలో నేను చేసిన మూడు తప్పులూ, వాటిలోంచి నాకు దొరికిన సంతోషమూ ఉంటాయి.

తెనాలిలో చింతపిక్కలు

రసాయన చర్యల వేగం గురించి చెబుతున్నాను. పదార్థం ఎంత మిగిలి ఉంటే అంత వేగంగా తరిగిపోయే చర్యలు కొన్ని ఉంటాయి. వాటినే ప్రథమ క్రమాంక చర్యలంటారు. వాటి సూత్రం బోర్డు మీద రాశాను. అందులో 2.303 అని ఒక సంఖ్య, పక్కన ఒక లాగ్, అదే సంవర్గమానం, ఉంటాయి. కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్ళకీ ఆ సంఖ్య కంఠతా వచ్చు.

వెంకటేశ్వర్లు అని చుండూరు నుంచి వచ్చే కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"ఆ 2.303 ఎక్కడిది మేడమ్?"

"సూత్రంలోది."

"అది కాదండీ. సూత్రంలోకి ఎక్కడి నుంచి వచ్చిందీ అని. అసలు లాగ్ ఎందుకొచ్చిందండీ ఇక్కడికి?"

నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. నేను మొహం గంటు పెట్టుకుని, "అదంతా మ్యాథ్స్ వాళ్ళ గొడవ. నువ్వు రాసుకో" అన్నాను. అతను కూర్చుని రాసుకున్నాడు. ఆ తర్వాత ఆ క్లాసులో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. చాక్‌పీసు చప్పుడు తప్ప ఏమీ వినిపించని ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. కొత్త లెక్చరర్లు దాన్ని క్రమశిక్షణ అనుకుంటారు. పిల్లలు మన మీద ఆశ వదులుకున్నారని దానికి అర్థం.

మర్నాడు లంచ్ టైములో మ్యాథ్స్ శేషాచలం గారి దగ్గరికి వెళ్ళాను. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. ముక్కుపొడి డబ్బా, గుండ్రటి కళ్ళద్దాలు, ముక్కు మీద కోపం. స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. నేను అందులో కూర్చుని, నాకు లెక్కలు రావనీ, నిన్న క్లాసులో ఇలా అన్నాననీ మొత్తం చెప్పేశాను.

తిడతారనుకున్నాను. ఆయన ముక్కుపొడి పీల్చి, రెండుసార్లు తుమ్మి, "రావు అని ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నారు.

"నా మార్కులు చెప్పాయండి."

"మార్కుల మాట వదిలెయ్. ఎంత ఉంటే అంత వేగంగా తగ్గడం అంటే ఏంటో నీ మాటల్లో చెప్పు."

చెప్పలేకపోయాను. సూత్రం అప్పజెప్పగలను కానీ మాటల్లో చెప్పలేను.

మర్నాడు ఆయన ఒక గుడ్డసంచీ తెచ్చి స్టాఫ్ రూమ్ టేబుల్ మీద బోర్లించారు. అన్నీ చింతపిక్కలు. మనవరాళ్ళు ఆడుకోవడానికి ఒక వైపు తెల్లగా అరగదీసినవి. నూట ఇరవై లెక్కపెట్టించారు.

"వెయ్యి. తెల్లవైపు పడ్డవాటిని తీసి పక్కన పెట్టు. మిగిలినవి లెక్కపెట్టి మళ్ళీ వెయ్యి."

వేశాను. అరవై మూడు మిగిలాయి. మళ్ళీ వేస్తే ముప్పై. తర్వాత పదహారు, ఏడు, నాలుగు. హిస్టరీ ఆయనా, తెలుగు మేడమూ కూడా కుర్చీలు జరుపుకుని వచ్చేశారు. మొదటిసారి యాభై ఏడు పోయాయి. చివర్లో మూడు పోయాయి. "నీ చేతివాటం మారిందా?" అని అడిగారాయన. లేదన్నాను. "మరి ఎందుకు తక్కువ పోయాయి?"

"తక్కువ ఉన్నాయి కాబట్టి."

"ఇప్పుడు చెప్పావు నీ మాటల్లో" అన్నారు.

గ్రాఫ్ కాగితం మీద ఆ సంఖ్యలు గుర్తిస్తే గీత జారుడుబల్లలా వంగింది. వాటి లాగ్‌లు గుర్తిస్తే గీత రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు తిన్నగా, ఏటవాలుగా దిగింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. లాగ్ ఎందుకొచ్చిందో కళ్ళముందు కనిపిస్తోంది. ఒకే నిష్పత్తిలో తరిగేదాన్ని ఒకే కొలతలో తరిగేదానిగా మార్చి చూపిస్తుందది.

"మరి 2.303?"

"ఇలా తనంతట తాను పెరిగేవాటికీ, తరిగేవాటికీ సహజంగా కుదిరే లాగ్ ఒకటుంది. దాని ఆధారం రెండు పాయింట్ ఏడు చిల్లర. మీ లాగ్ టేబుల్స్ పుస్తకం పది ఆధారంగా వేసింది. దీన్ని దాంట్లోకి మార్చాలంటే ఒక గుణకం కావాలి. గజాల్ని అడుగుల్లోకి మార్చడానికి మూడుతో గుణించవూ, అలాగే ఇదీ. అంతకన్నా రహస్యం ఏమీ లేదు."

ఇంత చిన్న సంగతికి నేను ఇన్నేళ్ళు పారిపోయానా అనిపించి నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. శేషాచలం గారు నవ్వగా చూడటం స్టాఫ్ రూములో అందరికీ అదే మొదటిసారి.

మరుసటి క్లాసుకి సంచీతో వెళ్ళాను. ముందు వెంకటేశ్వర్లుకి, "మొన్న నువ్వడిగింది నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా కసురుకున్నాను. తప్పు నాది" అన్నాను. తర్వాత పిక్కలు అందరికీ పంచాను. బెంచీల మీద వేస్తున్నారు, కింద పడ్డవి ఏరుతున్నారు, "నాకు పదకొండు మిగిలాయండీ", "నాకు తొమ్మిదే" అని అరుస్తున్నారు. ఆ గోలకి ప్రిన్సిపాల్‌గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంటమ్మా ఇది, క్లాసులో అష్టాచెమ్మానా?"

"ప్రథమ క్రమాంక చర్య అండి."

ఆయన వంగి, కాలికింద పడిన పిక్కని ఏరి ఒక అమ్మాయికి ఇస్తూ, "ఇది కూడా లెక్కలో వేసుకోండి" అని వెళ్ళిపోయారు. ఆ రెండేళ్ళూ లంచ్ టైములో శేషాచలం గారి దగ్గర కాలిక్యులస్ నేర్చుకున్నాను. తప్పు చేస్తే చిన్నపిల్లనన్నట్టు కసిరేవారు. ఒక లెక్క నేను ఆయనకంటే చిన్న దారిలో చేసిన రోజున, స్టాఫ్ రూములో అందరికీ ఆయనే బజ్జీలు తెప్పించారు.

బాపట్లలో నాగమణి

పెళ్ళయ్యాక మా వారి ఉద్యోగం బాపట్లలో కావడంతో నేనూ అక్కడ ఒక కాలేజీలో చేరాను. ఇది నేను చేసిన తప్పుల్లో పెద్దది.

డిగ్రీ ఫైనలియర్ పిల్లలకి ఒక ప్రయోగం ఉండేది. పళ్ళ వాసన వేసే మిథైల్ ఎసిటేట్‌ని ఆమ్లం కలిపిన నీళ్ళలో పోస్తే, అది నెమ్మదిగా విరిగి వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని ఇస్తుంది. పది నిమిషాలకోసారి కొంచెం తీసి, బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టంలోంచి క్షారం వదులుతూ ఆమ్లం ఎంత పెరిగిందో కొలవాలి. ఆ కొలతల నుంచి చర్య వేగాన్ని చెప్పే స్థిరాంకం కట్టాలి.

పద్దెనిమిది మంది రికార్డులు నా టేబుల్ మీదికి వచ్చాయి. పదిహేడింటిలో ఒకటే జవాబు, చివరి అంకె దాకా. నాగమణి రికార్డులో మాత్రం దానికి ఇంచుమించు రెట్టింపు. పదిహేడింటి మీదా సంతకం పెట్టాను. నాగమణి పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, మళ్ళీ చెయ్యమన్నాను.

నాగమణిది సూర్యలంక వైపు ఊరు. వాళ్ళ నాన్న సముద్రం మీదికి వేటకి వెళ్ళేవాడు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. మళ్ళీ చేసింది. అదే జవాబు. మూడోసారి కూడా అదే. ఇంకో వారంలో ప్రాక్టికల్ పరీక్ష. సంతకం లేని రికార్డుతో లోపలికి రానివ్వరు. ఏడాది పోతుంది.

మా హెడ్డుగారికి చెబితే, "మిగతావాళ్ళది చూసి రాసుకోమనండి. ఎగ్జామినర్ వచ్చే టైములో ఈ తలనొప్పి ఎందుకు?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే సులువనిపించింది. ఆ మాటే నాగమణికి చెప్పాను.

ఆ పిల్ల ఏడవలేదు, ఎదురూ చెప్పలేదు. "మేడమ్, మీరొకసారి చేసి చూపించండి. నేను పక్కన నిలబడి చూస్తాను. నేనెక్కడ తప్పుతున్నానో అక్కడ ఆపి చెప్పండి" అంది.

ఆ మాటకి కాదనలేకపోయాను. వేసవి మొదలైంది, ల్యాబులో ఫ్యాను కూడా వేడిగాలే విసురుతోంది. గంటన్నర చేశాను. లెక్క కట్టాను. నాగమణి జవాబే వచ్చింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మీరు కూడా తప్పు చేశారా మేడమ్?" అంది భయంభయంగా. పట్టలేక నవ్వేశాను.

అప్పుడు బీరువా తెరిచి పాత రికార్డులు తీశాను. పోయిన బ్యాచ్ పిల్లల రికార్డుల్లో ఆ పదిహేడు మంది జవాబు కనిపించింది. వాళ్ళు ప్రయోగం చేసింది డిసెంబరులో. నీటి వేడిని ఒకే స్థాయిలో ఉంచే యంత్రం పాడై మూలన పడి ఉంది. గోడ మీద థర్మామీటరు చూస్తే ముప్పై నాలుగు. వేడి పెరిగితే చర్య వేగం ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రం ఉంది. దాన్ని నేను ఏటా బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. డిసెంబరులో గది వేడి ఇరవై అయిదు ఉండుంటుందని వేసుకుని, ఆ సూత్రంతో పాత జవాబుని ముప్పై నాలుగు డిగ్రీలకి మార్చి చూశాను. నాగమణి సంఖ్యకీ దానికీ వెంట్రుకవాసి తేడా.

ఎర్ర సిరా గీత పక్కన "ఈ గీత పొరపాటున కొట్టాను, విద్యార్థిని జవాబు సరైనది" అని రాసి సంతకం పెట్టాను. క్లాసులో అందరి ముందూ అదే చెప్పాను. మిగతా పదిహేడు మంది తలలు వంచుకున్నారు. వాళ్ళని ఏమీ అనలేదు. పదిహేడు మంది నిజంగా చేతులతో కొలిస్తే చివరి అంకె దాకా ఒకే జవాబు రావడం అసాధ్యమని నాకు తెలిసి ఉండాలి. మనిషి చెయ్యి కొంచెమైనా వణుకుతుంది, కన్ను కొంచెమైనా తప్పుతుంది. అన్నీ కలిసిపోయినప్పుడే అనుమానించాలని లెక్కలు చెబుతాయి. నేనేమో కలవనిదాన్ని అనుమానించాను.

హెడ్డుగారు మండిపడ్డారు. "పరీక్ష ముందు పదిహేడు రికార్డులు కొట్టేస్తారా?"

"కొట్టెయ్యనండి. మళ్ళీ చేయిస్తాను."

మూడు తొట్లు పెట్టాం. ఒకదాంట్లో ఐసు ముక్కలు, ఒకదాంట్లో మామూలు నీళ్ళు, ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్ళు. పిల్లల్ని మూడు జట్లు చేశాం. రెండు రోజులు ల్యాబంతా తిరునాళ్ళలా ఉంది. గోడకి గ్రాఫ్ అంటించి ఎవరి చుక్క వాళ్ళనే పెట్టమన్నాను. ఐసు గీత సోమరిగా పాకింది, గోరువెచ్చని గీత నిటారుగా దిగింది. ఒక్కరి జవాబు ఇంకొకరితో అచ్చంగా కలవలేదు. అయినా అన్నీ తమ తమ గీతల చుట్టూ గుంపుగా చేరాయి. అంత అందమైన గ్రాఫ్ నేను మళ్ళీ చూడలేదు. హెడ్డుగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. ఆ తర్వాత లోపలికి వచ్చి, "ఆ లాగ్ టేబుల్స్ ఇలా ఇవ్వండమ్మా" అని తీసుకుని మూడు గీతల వాలూ తనే లెక్కకట్టారు. సాయంత్రం బెల్లు కొట్టినా లేవలేదు.

పరీక్ష రోజున ఎగ్జామినర్ నాగమణి రికార్డు తిరగేసి, "పుస్తకంలో విలువతో కలవట్లేదేంటమ్మా?" అన్నారు.

"పుస్తకం రాసినాయన గది చల్లగా ఉండుంటదండీ. మన గది ముప్పై నాలుగు డిగ్రీలు సార్" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. ఆ ఏడాది ప్రాక్టికల్స్‌లో మొదటి మార్కు నాగమణిదే. జూన్‌లో కాలేజీ తెరవగానే హెడ్డుగారు ల్యాబు తలుపు మీద ఒక కాగితం అంటించారు. గది ఉష్ణోగ్రత రాయని రికార్డు మీద సంతకం పెట్టబడదని. కింద తన సంతకం. పై అధికారుల మీద చాలామందికి చాలా కోపాలుంటాయి, నాకూ ఉన్నాయి. కానీ తప్పు ఒప్పుకోవడానికి ఒక్కో మనిషికి ఒక్కో పద్ధతి ఉంటుంది. ఆయన పద్ధతి ఆ కాగితం.

రేపల్లెలో రొయ్యల చెరువు

తొంభైల్లో మా ఊరు రేపల్లెలోనే జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. అప్పటికి చుట్టుపక్కల ఉప్పునేలలన్నీ రొయ్యల చెరువులైపోతున్నాయి.

సాంబయ్య అనే రైతు సోడా సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని కాలేజీకి వచ్చాడు. వాళ్ళమ్మాయి మా దగ్గర ఇంటర్ చదివేది. "రొయ్యలు నలతగా ఉంటున్నాయి మేడమ్ గారూ. నీళ్ళు చూసి చెప్పండి." మీటరు పెట్టి పీహెచ్ చూశాను. నీటిలో క్షారగుణం ఎంతుందో చెప్పే కొలత అది. ఎనిమిదికి కొంచెం తక్కువ. "బాగానే ఉన్నాయండి" అని పంపేశాను.

రెండు రోజులకి మళ్ళీ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. "మధ్యాహ్నమయ్యేసరికి గట్టుకొచ్చి సొమ్మసిల్లినట్టు ఉండిపోతున్నాయండీ. కొన్ని తేలిపోయాయి. ఈ చెరువు పోతే మేం లేవలేమండీ."

"మొన్న తెచ్చిన నీళ్ళు ఎప్పుడు ముంచారు?"

"తెల్లారగట్లండీ. మొదటి బస్సుకి."

మీటరు చెప్పిన సంఖ్య సరైనదే. కానీ అది తెల్లవారుజామున నీటి సంగతి. రొయ్యలు ఇబ్బంది పడుతున్నది మధ్యాహ్నం. ఈ చిన్న ప్రశ్న మొదటిసారే అడగాల్సింది. బాపట్లలో గది వేడి రాయమని పిల్లల్ని వేధించినదాన్ని, ఇక్కడ టైము అడగడం మర్చిపోయాను.

మర్నాడు సెలవు పెట్టి, పీహెచ్ కాగితాలు పట్టుకుని పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్ళాను. గంటకోసారి చూశాం. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. ఎండ ఎక్కేకొద్దీ నీటిలోని పచ్చటి నాచు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది, పీహెచ్ పెరుగుతుంది. మధ్యాహ్నం మూడింటికి తొమ్మిది దాటింది. పైగా గట్టు మీద ఖాళీ సున్నం బస్తాలు కనిపించాయి.

"సున్నం చల్లుతున్నారా?"

"రోజూనండీ. మంచిదన్నారు పక్క చెరువాయన."

"పీహెచ్ పెరుగుతుందని చెప్పలేదా?"

"చెప్పాడండీ. ఎనిమిది నుంచి తొమ్మిదే కదండీ! ఒక్కటే కదా పెరిగేది."

గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఇది మామూలు లెక్క కాదు, లాగ్ లెక్క. ఇందులో ఒక మెట్టు ఎక్కడమంటే క్షారం పదింతలవడం. రెండు మెట్లంటే వందింతలు. చెరువులో మిగిలిన మేత కుళ్ళి అమోనియా పుడుతుంది. అందులో కొంత భాగమే రొయ్యకి విషం. ఆ విషం వాటా పీహెచ్ ఎనిమిది దగ్గర ఇంచుమించు ఇరవయ్యో వంతు, తొమ్మిది దగ్గర మూడో వంతు దాటిపోతుంది. అమోనియా ఒక్క చుక్క కూడా పెరగకుండానే, మధ్యాహ్నానికి విషం ఆరేడింతలైపోతోంది.

సాంబయ్య సున్నం బస్తాల వైపు ఒకసారి, చెరువు వైపు ఒకసారి చూశాడు. "అమ్మా, నా చేతులతో నేనే పోస్తున్నానా!" అన్నాడు.

సున్నం ఆపించాను. రెండు పూటలు మేత ఆపి, ఇంజను పెట్టి పాత నీళ్ళు తోడి కాలవలోంచి కొత్త నీళ్ళు పెట్టించమన్నాను. ఆ నాలుగు రోజులూ నాకు క్లాసులో ధ్యాస లేదు. అయిదో రోజు వాళ్ళమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి, "మేడమ్, మేతకి వస్తున్నాయండీ!" అని స్టాఫ్ రూమ్ గుమ్మంలోంచే కేకపెట్టింది.

మీలో చాలామంది ఎంట్రన్సు కోచింగుల్లో పనిచేస్తారు. అక్కడ సూత్రానికి ఇంకా చిన్న సూత్రం చెప్పమంటారు. చెప్పండి, తప్పదు. కానీ సంఖ్య వచ్చాక ఒక్క క్షణం ఆగి, ఇది ఎక్కడ కొలిచింది, ఎప్పుడు కొలిచింది, ఎంత తప్పు ఉండొచ్చు అని అడగడం కూడా నేర్పండి. కెమిస్ట్రీలో లెక్కలు ఉన్నది అందుకే. కంటికి కనిపించని దాన్ని అవి కనిపించేలా చేస్తాయి. అలా కనిపించిన రోజున కలిగే సంతోషం పరీక్ష పాసైన సంతోషం కంటే చాలా పెద్దది. నేను ఆలస్యంగా మొదలుపెట్టి కూడా దాన్ని తనివితీరా అనుభవించాను.

ఆ పంట తీశాక సాంబయ్య కబురు పెడితే చెరువు దగ్గరికి వెళ్ళాను. ఇంజను షెడ్డు ముందు నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. సాంబయ్య చేతిలో బొగ్గుముక్క. తెల్లటి గోడ మీద ఏడు అని రాసి పక్కన ఒక గీత గీశాడు. ఎనిమిది అని రాసి పది గీతలు గీశాడు. తొమ్మిది దగ్గర వంద గీతలు గీయబోయి చోటు చాలక, మూల తిరిగి పక్క గోడ మీదికి వెళ్ళాడు. నన్ను చూసి లేవబోయారు. వద్దని, బోర్లించిన గంప మీద నేనూ వాళ్ళ వెనకే కూర్చున్నాను. ఎన్నో క్లాసులు విన్నాను, చెప్పాను గానీ, లాగ్ స్కేలు గురించి అంత మంచి పాఠం వినలేదు.

వింటున్న ఒక పెద్దాయన, "మరి పదికి ఎన్ని గీతలు గీస్తావు రా సాంబయ్యా?" అని అడిగాడు.

సాంబయ్య షెడ్డు చుట్టూ ఒకసారి కలయజూశాడు.

"నాలుగు గోడలూ చాలవు బాబాయ్. అందుకే పదికి పోనివ్వను" అన్నాడు.